నోటి పని తమ్ముడిది

"నాలుగింటికి ఆ పిల్ల ఈ గుమ్మం ఎక్కుతుంది. మిమ్మల్ని నాన్నా అంటుంది. అన్న మరుక్షణం నేను ఈ గుమ్మం దిగుతాను. ఇంతే. ఇందులో మళ్ళీ మాట్లాడుకునేదేం లేదు," అంది అమ్మ.

మాట్లాడుకునేదేం లేదని ఆవిడ పొద్దుటి నుంచి మాట్లాడుతూనే ఉంది.

నాన్న పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. నెల రోజులుగా ఆయన తిండి తినడం లేదు, పళ్ళెం ముందు కూర్చుని హాజరు వేయించుకుంటున్నాడు. మామూలుగానే నోట్లో నాలుక లేని మనిషి. ఇప్పుడు ఆ ఉన్న నాలుగు మాటలు కూడా కింద షాపులో పెట్టి తాళం వేసి వచ్చినట్టున్నాడు.

"అవునని ఏడవండి, కాదని ఏడవండి. ఏదో ఒకటి ఏడవండి!"

"కాస్త నెమ్మదిగా... కింద జనం ఉంటారు."

"ఉండనివ్వండి. మీకింకో కూతురుందని పెళ్ళానికి చెప్పలేదు. ఊళ్ళోవాళ్ళయినా వింటారు."

గుమ్మం పక్కన అమ్మ పెట్టె సిద్ధంగా ఉంది. ఉత్త బెదిరింపు అనుకోవడానికి లేదు. చీరలతో పాటు బీపీ మాత్రలు కూడా సర్దేసింది. అలిగిన ఆడది చీరలు సర్దుకుంటే బతిమాలించుకోవాలని. మాత్రలు కూడా సర్దుకుంటే నిజంగా వెళ్ళిపోవాలని.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు వంటింటి గడపలో నిలబడి ఇదంతా వింటోంది. ఇంట్లో అందరూ ఆమెను బాకా అనే పిలుస్తారు. పసిపిల్లగా ఏడిస్తే వీధి చివరిదాకా వినపడేదని బాబాయి పెట్టిన పేరు. పెద్దయ్యాక కూడా ఆ పేరు నిలబెట్టుకుంది, కడుపులో మాట ఆగదు. అలాంటి మనిషి పొద్దుటి నుంచి నోరు మెదపలేదు. దాన్ని గమనించే తీరిక ఎవరికీ లేదు.

ఈ నిప్పు అంటించింది తానే. తాత అనాథాశ్రమంలో పెరిగినవాడు. ఆయన వైపు చుట్టమంటూ ఒక్క పురుగు లేదు. "గొట్టంలో కాస్త ఉమ్మి పంపితే మన రక్తం ఎక్కడెక్కడుందో చెప్తారట నాన్నా" అని నాన్న పుట్టినరోజుకి డీఎన్ఏ పరీక్ష తెప్పించింది. మొదట్లో అంతా బాగానే ఉంది. ఓడల్లో వంట చేసి రిటైరైన ఒకాయన, ఒక లెక్కల టీచరమ్మ బయటపడ్డారు. ముత్తాతల కాలంలో ఎక్కడో కలిసే దూరపు చుట్టాలు. టీచరమ్మ ఫోటో పంపితే ముక్కు అచ్చం నాన్న ముక్కే. అమ్మ కూడా మురిసిపోయి ఆవిడతో గంటసేపు ఫోన్లో మాట్లాడింది.

ఆ తర్వాత నాన్న పేరు కింద ఇంకో ఆడపిల్ల పేరు వచ్చి చేరింది. దూరపు చుట్టం కాదు. ఇద్దరి మధ్యా 'తండ్రి, కూతురు' అని రాసి ఉంది. తన తల్లి పేరు రాసి, ఒకసారి వచ్చి కలుస్తానని ఆమె కబురు కూడా పెట్టింది. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

యంత్రం ఎక్కడో పొరపాటు పడి ఉంటుందని బాకా నమ్మకం. తన ఉమ్మి కూడా పంపితే ఆ పొరపాటు బయటపడుతుందని ఎవరికీ చెప్పకుండా పంపింది. దాని జవాబు ఈ ఉదయమే ఫోన్లో వచ్చింది. నాన్న పేరుతో ఉన్న ఉమ్మికీ, ఆమె ఉమ్మికీ కలిసింది పావు వంతు. తండ్రీకూతుళ్ళకు సగం కలవాలట. ఆయన మీకు బాబాయి గానీ పెదనాన్న గానీ మేనమామ గానీ అయి ఉండవచ్చు అని మర్యాదగా రాశారు.

అంటే ఆయన తనకు నాన్న కాడు.

ఇంతసేపూ నాన్నను నిలదీస్తున్న అమ్మ వీపు వైపు చూసింది. ఏ ముఖం పెట్టుకుని అడుగుతోంది ఈవిడ అనుకుంది. అలా అనుకున్నందుకు వెంటనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పరాయి పిల్ల వచ్చి ఇల్లు కూలుస్తుందని ఇన్నాళ్ళూ భయపడింది. ఆ పరాయి పిల్ల తానే అయితే?

నాన్న చెయ్యి కడుక్కుని మెట్లు దిగాడు. బాకా వెనకే దిగింది.

ఇంటి కిందే షాపు. బ్యాండు వాయిద్యాలు బాగుచేసే షాపు. గోడ నిండా ట్రంపెట్లు, క్లారినెట్లు, సాక్సోఫోన్లు వేలాడుతుంటాయి. అన్నదమ్ములిద్దరే పనివాళ్ళు. గిరాకీలు నాన్నను పెద్ద మేస్త్రి అనీ, బాబాయిని చిన్న మేస్త్రి అనీ అంటారు. సొట్టలు తీయడం, టంకం పెట్టడం, మీటలు బిగించడం పెద్ద మేస్త్రి పని. ఆయనకు ఉబ్బసం, ఊదితే ఆ పూటంతా దగ్గు. అందుకని బాగైన వాయిద్యాన్ని ఊది శ్రుతి చూసేది చిన్న మేస్త్రి. గిరాకీలతో బేరాలు, ఫోన్లు, హాస్యాలు కూడా ఆయనవే. చేతి పని అన్నది, నోటి పని తమ్ముడిది. షాపు పెట్టినప్పటి నుంచీ ఇదే పద్ధతి.

బాబాయి లేడు. ఏదో స్కూలు బ్యాండుకి ట్రంపెట్లు ఇచ్చి రావడానికి వెళ్ళాడు.

నాన్న సాక్సోఫోన్ మెడలోకి ఇనుప గుండు దించి లోపలి నుంచి సొట్టను నెడుతున్నాడు. బాకా ఫోను తీసి ఆయన ముందు పెట్టింది.

"నాన్నా, నేను మీ కూతుర్నేనా?"

"అదేం మాట?"

"ముందు చదవండి."

కళ్ళజోడు పైకి తోసుకుని చదివాడు. చదివిందే మళ్ళీ చదివాడు. ఆయన ముఖంలో కోపం వస్తుందనుకుంది, బాధ వస్తుందనుకుంది. రెండూ రాలేదు. సిగ్గు వచ్చింది.

"మీ అమ్మను అనుమానించావా?"

బాకా తల దించుకుంది.

"తప్పమ్మా. చాలా తప్పు." గుండు పక్కన పెట్టి, తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఆ ఉమ్మి నాది కాదు. మీ బాబాయిది."

"ఏంటీ?"

"మాత్రలు వేసుకుంటే నాకు నోరు ఎండిపోతుంది, తెలుసు కదా. ఎంతసేపు కూర్చున్నా గొట్టంలో గీత దాకా రాలేదు. వాడు పక్కనే క్లారినెట్ ఊదుకుంటున్నాడు. నోటి పని నీదే కదరా అని వాడి చేతిలో పెట్టాను. ఉన్నది పారబోసి, వాడే నింపేశాడు. ఒకే అమ్మ, ఒకే నాన్న, ఎవరు ఉమ్మితే ఏంటనుకున్నాం. ఎవరు ఉమ్మినా దొరికేది ఆ ముత్తాతే కదా."

చదువుకున్నవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. ఆ షాపులో మాత్రం ఇది వింత కాదు. పెద్ద మేస్త్రి చేసిన ప్రతి పనినీ చిన్న మేస్త్రి నోరే పూర్తి చేస్తుంది. ఆ రోజు ఇద్దరిలో ఒక్కరికి కూడా ఇది తప్పని తోచలేదు.

బాకా స్టూలు మీద కూలబడింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాన్న నాన్నే. అమ్మ అమ్మే. ఆ సంతోషం మాత్రం ఎంతోసేపు నిలవలేదు.

"అయితే ఇప్పుడొచ్చే ఆవిడ..."

"వాడి కూతురు."

"ఆ ముక్క అమ్మకు చెప్పరేం!"

"ష్!"

"ష్ ఏంటి నాన్నా? అమ్మ మాత్రలు కూడా సర్దుకుంది!"

"వాడు నా కాళ్ళు పట్టుకున్నాడే," అన్నాడు నాన్న. "పుట్టి బుద్ధెరిగాక వాడు ఏడవగా నేను చూడలేదు. ఆ పిల్ల పేరు, ఆ పిల్ల తల్లి పేరు చూడగానే మనిషి కొయ్యబారిపోయాడు. నాది అని మాత్రం చెప్పకు అన్నయ్యా, టైము చూసి నేనే చెప్తా అన్నాడు. ఎలా కాదంటాను?"

"అంత భయమేంటి బాబాయికి? పెళ్ళామా పిల్లలా? ఇన్నేళ్ళూ ఒంటికాయ శొంఠికొమ్ములా ఉన్నాడు. కూతురుందని తెలిస్తే ఎగిరి గంతెయ్యాలి గాని."

"అదే నాకూ అర్థం కాలేదు. అడిగితే ఏడుస్తాడు."

"మీరేమో చేయని తప్పుకి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నారు."

"తప్పేముందిలే. తమ్ముడి కూతురు నాకు కూతురు కాదా? నాన్నా అని పిలిస్తే పలకడానికి నాకేం నామోషీ లేదు. నాలుగింటికి ఆ పిల్ల రాగానే చెప్పేస్తానన్నాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. అందాకా నోరు కట్టుకో. నా మీద ఒట్టు."

బాకా ఒట్టు వేసింది. కాని మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఆ పేరు వచ్చిన రోజు నుంచీ బాబాయి తనను పట్టుకుని ఒకటే అడుగుతున్నాడు. ఆ పరీక్ష ఫలితం మొత్తం చెరిపేయడానికి వీల్లేదా, మన ఆనవాలు దొరక్కుండా చేయలేవా అని. అన్నావదినల కాపురం కోసం పాపం ఎంత బాధపడుతున్నాడో అనుకుంది అప్పట్లో.

"ఏంటీ, బాకా మోగడం లేదు? వాల్వు పట్టేసిందా?"

బాబాయి వచ్చాడు. ఎప్పటి నవ్వే. భుజాన ఖాళీ సంచులు. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. నవ్వు ముఖం మీద ఉంది గాని, కళ్ళలోంచి ఎప్పుడో వెళ్ళిపోయింది.

"ఏం లేదు బాబాయ్."

"ఏం లేకపోతే ఇంత నిశ్శబ్దమెందుకే?" అంటూ నాన్న ముందున్న సాక్సోఫోన్ అందుకుని పెదాలకు ఆనించాడు. బాకా పుట్టినప్పటి నుంచీ విన్న ఊపిరి అది. ఎంత పాత వాయిద్యమైనా ఆయన ఊదితే వయసులోకి వచ్చేస్తుందని గిరాకీలు అంటారు. ఈసారి స్వరం సగంలో తెగింది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ తెగింది.

"సొట్ట ఇంకా ఉందా?" అన్నాడు నాన్న.

"లేదన్నయ్యా. గొంతే బాగాలేదు."

నాన్న సాక్సోఫోన్ వెనక్కి తీసుకుని గోడకు తగిలించాడు.

నాలుగు దాటగానే ఆమె వచ్చింది. పొడుగాటి మనిషి, నీలం రంగు యూనిఫాం మీద స్వెట్టరు, చేతిలో చిన్న సంచి. ఉద్యోగం రైల్వే స్టేషన్లో. ఏ బండి ఎప్పుడొస్తుందో మైకులో చెప్పే అమ్మాయి. డ్యూటీ దిగి నేరుగా వచ్చిందట.

మేడ మీద ముందుగదిలో కూర్చోబెట్టారు. అమ్మకు ఎంత కోపం ఉన్నా ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళు ఇవ్వకుండా ఉండలేదు. గ్లాసు మాత్రం చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టింది. నాన్న కిటికీ దగ్గర కూర్చున్నాడు. బాబాయి అందరికంటే వెనక వచ్చి తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు.

కలిసిన కనుబొమలు, గడ్డం మధ్య సొట్ట. ఎవరి పోలికో అడగక్కర్లేదు. కాకపోతే అన్నదమ్ములిద్దరిదీ ఒకే అచ్చు. అమ్మ ఆ ముఖాన్ని చూసి, భర్తను చూసి, పళ్ళు బిగబట్టింది.

"ఊఁ, పిలువు మరి," అంది. "నాన్నా అని పిలుచుకోవడానికే కదా వచ్చావు."

బాకా బాబాయి వంక చూసింది. చెప్పు బాబాయ్, ఇప్పుడే, ఇప్పుడు చెప్తే అమ్మ పెట్టె మళ్ళీ లోపలికి వస్తుంది అని కళ్ళతోనే బతిమాలింది. బాబాయి నేల చూస్తున్నాడు. నాన్న కూడా తమ్ముడి కోసం చూశాడు. చూసి, చూసి, ఇక ఆగలేక గొంతు సవరించుకున్నాడు.

"నేనేనమ్మా. నేనే మీ నాన్నను."

ఇంకేముంది. అమ్మ లేచింది. కొంగు బిగించుకుని, గుమ్మం దగ్గరికి వెళ్ళి పెట్టె పిడి పట్టుకుంది.

"మీరు వెళ్ళకండి," అంది ఆమె. "నేను నాన్న కోసం రాలేదు. అమ్మమ్మ పెంచింది నన్ను, ఏ లోటూ లేదు. మీ ఇంట్లో వాటా కూడా నాకొద్దు. ఈయన్ని ఒక్క మాట అడిగి వెళ్ళిపోతాను."

"అడుగమ్మా," అన్నాడు నాన్న.

"మా అమ్మను ఏం చేశారు?"

కిటికీ అవతల ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు. అది ఎంతకీ స్టార్టు కావడం లేదు.

"అంటే?" అన్నాడు నాన్న.

"నాకప్పుడు మూడో నెల. దీని నాన్న రమ్మన్నాడు, పెళ్ళి సంగతి ఇవాళ తేల్చుకుని వస్తానని నన్ను అమ్మమ్మ ఒళ్ళో పెట్టి అమ్మ వెళ్ళింది. ఆగస్టు పద్నాలుగు సాయంత్రం. బాగా వాన. మర్నాడు కాలవ గట్టు మీద చెప్పులు దొరికాయి. మనిషి దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. రమ్మన్న మనిషి పేరు అమ్మమ్మకు తెలియదు, అమ్మ చెప్పలేదు. పేరు లేకుండా ఎవర్ని పట్టుకోమంటావు అన్నారు పోలీసులు. ఇప్పుడు నాకు మీ పేరు దొరికింది."

చావు కబురు చల్లగా చెప్పడమంటారే, అలా చెప్పింది. బండి ఆలస్యంగా నడుస్తోందని చెప్పే గొంతుతో చెప్పింది. అంత నెమ్మదిగా చెప్పడానికి ఎన్నేళ్ళు సాధన చేసిందో.

నాన్న నోరు తెరిచాడు. ఊపిరి అందలేదు. ఒక పాత ప్రేమ, ఒక దాచిన కూతురు, అంతేననుకుని ఆయన నెత్తికెత్తుకున్న బరువు ఇది కాదు. మెల్లగా తమ్ముడి వైపు తల తిప్పాడు.

"ఏ ఆగస్టు?" అంది అమ్మ గుమ్మం దగ్గర నుంచే.

"నేను పుట్టిన ఏడే. నాకిప్పుడు ముప్ఫై."

అమ్మ కూతురి వంక చూసింది. పెట్టె పిడి వదిలేసింది.

"ఏమ్మాయ్, ఆగాగు. ఆ రోజు నేను దీన్ని కన్నాను." గదిలోకి వచ్చేసింది. నెల రోజుల కోపం ఏ గాలికి పోయిందో, మొగుడికీ ఆ పిల్లకీ మధ్య వచ్చి నిలబడింది. "మధ్యాహ్నం నుంచీ నొప్పులు నాకు. ఈ మనిషి తెల్లారేదాకా ఆసుపత్రి వరండాలోంచి అడుగు కదిపితే నన్నడుగు. కంగారుకి ఆయాసం ఎక్కువై, నర్సు నన్ను వదిలేసి ఈయన్ని చూసుకోవాల్సి వచ్చింది. నువ్వు ఎవర్నో వెతుకుతూ ఎవరింటికో వచ్చావు. కావాలంటే అదిగో, మా మరిదిని అడుగు. వాన పడుతుంటే, భోజనం క్యారేజీ తెస్తాను వదినా అని సాయంత్రం వెళ్ళిన మనిషి తెల్లారాక వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, చేతిలో క్యారేజీ లేదు. ఇప్పటికీ దీని పుట్టినరోజు వస్తే మేమందరం ఆ మాటే చెప్పుకుని నవ్వు..."

మాట అక్కడ ఆగిపోయింది.

ఇన్నేళ్ళూ ఆ కథ చెప్పినప్పుడల్లా అందరికంటే గట్టిగా నవ్వింది బాబాయే. బురదలో జారిపడ్డాను వదినా, నా పరువు తీయకు అనేవాడు. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. అమ్మ చెయ్యి తనకు తెలియకుండానే నోటి మీదికి వెళ్ళింది.

"ఆ ఉమ్మి పంపింది మీరేనా?" వచ్చిన అమ్మాయి నాన్నను అడిగింది. ఈసారి మైకు గొంతు కాదు. "నిజం చెప్పండి."

నాన్న కూతురి వైపు చూశాడు. ఒట్టు గుర్తుచేస్తున్నాడో, దాన్ని వదిలేయమంటున్నాడో బాకాకు తెలియలేదు. ఒకటి మాత్రం తెలిసింది. తన చేత అడుగులు వేయించిన మనిషి, జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చుని క్లారినెట్ వాయించిన మనిషి తలుపు పక్కనే ఉన్నాడు, ఆయన వైపు చూడాలంటే తనకు భయమేస్తోంది. ఇన్నేళ్ళలో బాబాయిని చూసి భయపడటం ఇదే మొదటిసారి.

"కాదు," అంది బాకా. "నాన్నది కాదు."

ఎవరిదో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

వచ్చిన అమ్మాయి కుర్చీలోనే వెనక్కి తిరిగింది. బాబాయి అప్పుడు తల ఎత్తాడు. కూతురి ముఖంలోకి మొదటిసారి సూటిగా చూశాడు. ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి గాని, గొంతు మాత్రం చల్లగా, ఎప్పుడూ గిరాకీలతో మాట్లాడేంత ప్రేమగా వచ్చింది.

"ఇక్కడికి వస్తున్నట్టు ఎవరికైనా చెప్పి వచ్చావా, తల్లీ?"

"లేదు," అంది ఆమె.

నాన్న కిటికీ దగ్గర నుంచి లేచాడు. గోడ పట్టుకుని నిలబడి, ఉన్న కాస్త ఊపిరీ కూడగట్టుకున్నాడు.

"బాకా. అక్కను తీసుకుని బయటికి నడువు. మీ అమ్మను కూడా. ఇప్పుడే."

ఆ గదిలోంచి బయటికి ఉన్నది ఒకటే తలుపు. దాని పక్క కుర్చీలోంచి బాబాయి ఇంకా లేవలేదు.